ఐదు పాయింట్లు

“నువ్వేం చదివావమ్మా? ఏ అర్హతతో కాలేజీ పిల్లలకి పాఠం చెబుతావు?”

పరిశ్రమల శాఖ అధికారి ఈ ప్రశ్న అడిగినప్పుడు గదిలో పదకొండు మంది ఉన్నారు. ప్రశ్న ఎదుర్కొన్నావిడ ఒక్కతే నిలబడి ఉంది. కుర్చీలు పదే వేశారు.

“ఏడో తరగతి సార్,” అందామె. “పై చదువులు చదివిన పిల్లలకి మిషను తిప్పడం రావట్లేదని మీ కాగితంలోనే రాశారంట కదా. అందుకే నన్ను పిలిచారు. వద్దంటే చెప్పండి, వెళ్లిపోతాను. ఇప్పటికే అరపూట పని పోయింది.”

అధికారి కాసేపు ఆలోచించి, దరఖాస్తులో విద్యార్హత అని ఉన్నచోట ‘అనుభవం’ అనీ, అనుభవం అని ఉన్నచోట ‘ఏడో తరగతి’ అనీ రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో అలాగే ఉంది. దాని మీద నాలుగు సంతకాలున్నాయి.

వీధిలో ఆమెని గ్రైండింగక్క అంటారు. ఆ వీధిలో ఇళ్లకన్నా షెడ్లు ఎక్కువ. నలభై మూడు షెడ్లలోనూ చేసేది ఒక్కటే: నీళ్ల పంపులకి కావలసిన ఇనుప సామాను. పంపు తిరగాలంటే లోపల ఒక షాఫ్టు ఉండాలి. లేత్ మిషను మీద కడ్డీని చెక్కి దాదాపు కొలతకి తెస్తారు. ఆ ‘దాదాపు’ని తీసేయడమే గ్రైండింగు పని. గిర్రున తిరిగే రాయికి కడ్డీని ఆనించి, ఉల్లిపొర కన్నా పల్చగా గీకుతూ, కావలసిన కొలత దగ్గర ఆపాలి. ఆపడం తెలియాలి. గీకడం ఎవడైనా గీకుతాడు.

ఆమె తను పనిచేసే షెడ్డుకి మొదట వచ్చింది చీపురుతో. షెడ్డు మరిదిది. మొగుడు అందులో లేత్ మేస్త్రీ. ఇంట్లో అన్న, షెడ్డులో జీతగాడు. తమ్ముణ్ణి ఇంట్లో ‘ఒరేయ్’ అనేవాడు, షెడ్డులో ఏమీ అనేవాడు కాదు. ఇనుప రజను ఊడ్చి గోనెలకెత్తడం ఆమె పని. ఒకరోజు గ్రైండింగు మేస్త్రీ ఎవరో రెండు వందలు ఎక్కువిస్తామన్నారని చెప్పాపెట్టకుండా పోయాడు. బల్లమీద ఎనభై షాఫ్టులు మిగిలాయి. మరిది నెత్తి పట్టుకు కూర్చుంటే ఆమె చీపురు గోడకి చేరేసి, “ఎలాగూ పాడైపోయినట్టే కదా, నన్ను చూడనీ,” అంది. పదకొండు పాడుచేసింది. అరవై తొమ్మిది నిలబడ్డాయి. పారిపోయినవాడి సగటు కూడా అంతేనని మరిది ఆ సాయంత్రం లెక్క చూసి తేల్చాడు. అప్పట్నుంచి ఇరవై రెండేళ్లుగా ఆ మిషను ఆమెదే, కాగితం మీద తప్ప.

ఆమె గురించి ఎవరు చెప్పినా ముందు చెప్పేది వేలి సంగతి. షాఫ్టు మీద బొటనవేలు ఆనిస్తే చాలు, కొలత చెప్పేస్తుందట. ఇది శుద్ధ అబద్ధం.

“వేలికి చెమట పడుతుంది, చలికి మొద్దుబారుతుంది. మొగుడితో పోట్లాడి వచ్చినరోజు అసలు మాటే వినదు. నాకు మైక్రోమీటరు ఉంటే వేలెందుకు?” అంటుంది.

కష్టజీవుల వేళ్లలో ఏదో దివ్యజ్ఞానం ఉంటుందని నమ్మడం, వేళ్లతో పని లేని ఉద్యోగాలు చేసేవాళ్ల సరదా. ఆమె మైక్రోమీటరుని పాత కళ్లజోడు పెట్టెలో దాచి, పెట్టెని చీరకొంగుతో తుడిచి, ఎవరికీ ఇవ్వదు.

ఇక ఊరి కష్టం ఏమిటంటే, వీధి సరుకు కొనే పెద్ద పంపుల కంపెనీ పదకొండేళ్లుగా నూటికి పదిహేనో ఇరవయ్యో షాఫ్టులు వెనక్కి పంపుతోంది. ప్రతి పెట్టెలోనూ ఒకటే చీటీ: ‘కొలత తేడా.’ కారణం ఏమిటని అడిగితే ఉక్కు మంచిది కాదని షెడ్లవాళ్లు, పిల్లలకి శ్రద్ధ లేదని కాలేజీవాళ్లు, యంత్రాలు పాతవని ప్రభుత్వం. కంపెనీ మాత్రం కారణాలు అడగలేదు. వేరే ఊళ్లో చౌకగా దొరుకుతున్నాయని చెప్పింది.

అప్పుడు ముగ్గురూ కలిశారు. షెడ్ల యజమానుల సంఘం, పాలిటెక్నిక్ కాలేజీ, పరిశ్రమల శాఖ చేసుకున్న ఒప్పందం ముప్ఫై ఒక్క పేజీలు. కాలేజీ తన వర్క్‌షాపునీ ఇరవై ఆరుగురు విద్యార్థుల్నీ ఇస్తుంది. ప్రభుత్వం రెండు కొత్త లేత్ మిషన్లు ఇస్తుంది. సంఘం కడ్డీలు తెచ్చి, నేర్పే మనిషిని పంపుతుంది. పిల్లలు కాలేజీలో షాఫ్టులు చెక్కితే, వీధిలో అక్క వాటిని గ్రైండింగు చేస్తుంది. కంపెనీ కూడా ఒక మెట్టు దిగి ఆరు వందల షాఫ్టులు పరీక్షగా అడిగింది. అయిదు వారాల గడువు. పన్నెండు షాఫ్టులకి మించి తేడా రాకపోతే వీధికి ఏడాది ఆర్డరు. వస్తే ఇక ఈ ఊరి గడప తొక్కరు.

మరిది ఆ రాత కోతలన్నీ విన్నాక వదినని పక్కకి పిలిచాడు.

“వదినా, తప్పుగా అనుకోకు. ఈ ఆర్డరు గనక పోతే గ్రైండింగు మిషను అమ్మేస్తాను. పాత సామాన్లవాడు బేరం కూడా చెప్పి వెళ్లాడు.”

“మరి నేనేం చెయ్యాలి?”

“నీకేం, షెడ్డు లెక్కలు చూద్దువుగాని.”

“మిషను లేని షెడ్డుకి లెక్కలేంటి, గోడలు లెక్కపెట్టనా?”

మరిది నవ్వాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. రెండేళ్ల కిందట కంట్లో ఇనుప ముక్క పడి అన్న లేత్ మానేశాడని, ఆ ఇల్లు వదిన జీతం మీదే నడుస్తోందని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన బ్యాంకువాడు ఆగడు.

అక్క పొద్దున కాలేజీలో పాఠం చెప్పేది, మధ్యాహ్నం వీధిలో మిషను తిప్పేది. పాఠం అంటే పెద్దగా ఏమీ లేదు. “ఇరవై మిల్లీమీటర్ల మీద ముప్ఫై పాయింట్లు పెట్టండి. మిగతాది నేను చూసుకుంటాను,” అంది మొదటిరోజు. పిల్లలు అలాగే చెక్కారు. అక్క కొలిచి చూసింది. సరిగ్గా ఉంది. రెండు వారాల్లో మూడు వందల షాఫ్టులు పూర్తయ్యాయి. పరిశ్రమకీ చదువుకీ మధ్య దూరం తగ్గిందని అధికారి ఒక నివేదిక పంపాడు.

ఆ మూడు వందలూ ఎందుకు సరిగ్గా వచ్చాయో అప్పటికి ఎవరికీ తెలీదు. అక్క మిషను చక్రం మీద ఒక గీత అంటే మిల్లీమీటరులో వందో వంతు. ఆమె భాషలో అదే ఒక పాయింటు. ముప్ఫై పాయింట్లంటే సున్నా పాయింట్ ముప్ఫై. కాలేజీలో పాయింటు అంటే లెక్కల్లో వచ్చే చుక్క. ముప్ఫై పాయింట్లు అని వింటే వాళ్లు రాసుకునేది కూడా సున్నా పాయింట్ ముప్ఫయ్యే. ఇద్దరూ వేరే వేరే దారుల్లో వచ్చి ఒకే గుమ్మం ముందు కలిశారు, అంతే.

మూడో వారం మొదట్లో అక్క అంది: “రాయి ఊరికే అరిగిపోతోంది. రేపట్నుంచి ఐదు పాయింట్లు తగ్గించండి.”

ఆమె అడిగింది వందలో ఐదు వంతులు. పిల్లలు నోటుపుస్తకాల్లో రాసుకున్నది 0.5. అంటే పదింతలు.

ఒక్క అమ్మాయికి అనుమానం వచ్చింది. తరగతిలో ఆమెని కళ్లజోడు అంటారు. డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళ్లి, “సార్, ఒకేసారి అరమిల్లీ తగ్గించమంటున్నారు, ఎక్కువ కాదా?” అని అడిగింది. ఇరవై మీద ముప్ఫై అంటే 20.30 అని రాసుకున్నారే గానీ, గీకాక ఎంత మిగలాలో ఆయనకీ తెలీదు. షాఫ్టు ఆఖరి కొలత ఉన్న డ్రాయింగు కంపెనీ రహస్యం కాబట్టి సంఘం దగ్గరే ఉండాలని పద్నాలుగో పేజీలో ఉంది. డ్రాయింగు మాస్టారికి డ్రాయింగు చూపించలేదు.

“ఇరవై రెండేళ్ల అనుభవం ఆవిడది. మనం పుస్తకాలు చదివినవాళ్లం. అనుభవం ముందు తల వంచడం నేర్చుకోమ్మా,” అన్నాడాయన.

కళ్లజోడు తల వంచి వెళ్లిపోయింది. ఒకటిన్నర రోజులో నూట నలభై షాఫ్టులు చెక్కారు. అన్నీ పంతొమ్మిది పాయింట్ ఎనభై. ఒక్కటి అటూ ఇటూ లేదు. ఆ ఊరి చరిత్రలో అంత నిక్కచ్చిగా జరిగిన పని లేదు.

మధ్యాహ్నం బండి వీధికి వచ్చింది. అక్క మొదటి షాఫ్టు కొలిచి, మైక్రోమీటరు తుడిచి, మళ్లీ కొలిచింది. రెండోది తీసింది. పదోదాకా తీసింది. గ్రైండింగయ్యాక ఇరవై ఉండాల్సిన షాఫ్టు గ్రైండింగుకి ముందే ఇరవైకి లోపు ఉంది. తీసేయడం తెలిసిన మిషనే గానీ అతికించడం తెలిసిన మిషను ఎక్కడా లేదు. ఆమె స్టూలు మీద కూర్చుంది. మరిది వచ్చాడు.

“ఏమైంది వదినా?”

“సన్నబడ్డాయి.”

“ఎన్ని?”

“అన్నీ.”

మరిది బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు, ఇంకో వైపు నుంచి చూస్తే లావుగా కనిపిస్తాయేమోనన్నట్టు. “నువ్వేం చెప్పావు వాళ్లకి?”

“ఐదు పాయింట్లు తగ్గించమన్నాను.”

“అంతేగా! మరి కాలేజీవాళ్లకి చెవుడా?”

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడు కూడా అదే అన్నాడు. “ఐదు పాయింట్లకి ఇంత తేడా ఎలా వస్తుందే? పాయింటంటే అంగుళంలో వెయ్యో వంతు. ఐదైనా పదైనా వెంట్రుక మందం కదా.”

అన్నం వడ్డిస్తున్న చెయ్యి ఆగింది. “అంగుళంలోనా?”

“మరి? నేను నేర్చుకున్నది అంగుళాల మిషను మీద. పాయింటంటే అదే.”

“నాకు మిల్లీమీటరులో వందో వంతు.”

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచీ!”

ఇరవై ఏళ్లు ఆయన లేత్ మీద చెక్కి ఇచ్చిన ప్రతి షాఫ్టూ ఆమె గ్రైండింగు చేసింది. ఆయన ‘పది పాయింట్లు ఉంచాను’ అంటే ఆమె రెండున్నర రెట్లు గీకుతూ, మొగుడికి చెయ్యి తిరగలేదని లోలోపల అనుకుంటూ కాపురం చేసింది.

“నా చెయ్యి సరిగ్గానే ఉందన్నమాట,” అన్నాడాయన.

“అన్నం తినండి,” అందామె.

మర్నాడు పొద్దున ఆమె పనికి వెళ్లలేదు. మొదటి షెడ్డు నుంచి నలభై మూడో షెడ్డుదాకా నడిచి, ప్రతి మేస్త్రీనీ ఒకే ప్రశ్న అడిగింది: పాయింటంటే ఎంత? కొందరు నవ్వారు. ఒక ముసలి మేస్త్రీ, “ఏమ్మాయ్, ఇంత కాలానికి బడిలో చేరావా?” అన్నాడు. కానీ చెప్పారు. పంతొమ్మిది షెడ్లలో మిల్లీమీటరులో వందో వంతు. పదకొండింట్లో పదో వంతు. తొమ్మిదింట్లో అంగుళంలో వెయ్యో వంతు. మిగతా నాలుగింట్లో, ‘పనిని బట్టి ఉంటుంది’ అన్నారు. ఒక షెడ్డువాడు చెక్కింది ఇంకో షెడ్డువాడు గీకే వీధి అది.

మధ్యాహ్నం మూడు పక్షాల అత్యవసర సమావేశం. ఈసారి ఆమెకి కుర్చీ వేశారు, ముద్దాయికి వేసినట్టు.

డ్రాయింగు మాస్టారు బోర్డు మీద 0.5 అని రాసి, “పాయింట్ ఐదంటే ప్రపంచమంతా ఇదే,” అన్నాడు.

“నేను పాయింట్ ఐదు అనలేదు మాస్టారూ. ఐదు పాయింట్లు అన్నాను.”

“తేడా ఏముంది?”

“నూట నలభై షాఫ్టులు.”

అధికారి తన కాగితం చూసుకుని, “ఐదో పాయింటుకి అప్పుడే వెళ్లకండి. ఇంకా రెండో పాయింటులోనే ఉన్నాం,” అన్నాడు. ఆయన పాయింటు ఇంకొకటి. ఎజెండాలో ఐదోది అల్పాహారం.

అక్క లేచి, పొద్దున రాసుకొచ్చిన లెక్క చదివింది. పంతొమ్మిది, పదకొండు, తొమ్మిది, నాలుగు. చదివాక, “పదకొండేళ్లుగా వెనక్కొస్తున్నవి ఉక్కు బాగోలేక కాదు. పిల్లలు రాక ముందు నుంచీ వస్తున్నాయి. మనం మాట్లాడుకునేదే మనకి అర్థం కావట్లేదు,” అంది.

యజమానుల్లో ఇద్దరు పైన ఫ్యాను వైపు చూశారు. పదకొండేళ్ల నష్టం ఎంతో మనసులో గుణించుకోవడానికి ఫ్యాను వైపు చూడటం మంచిదే. ఆఖరికి సంఘం అధ్యక్షుడు గొంతు సవరించుకుని, “ఈ సంగతి మినిట్సులో రాయకండి,” అన్నాడు.

ముగ్గురు కలిస్తే ఏం లాభం అని అడిగేవాళ్లకి జవాబు ఇదే. కాలేజీ వచ్చి తప్పు చెయ్యబట్టి వీధి తప్పు బయటపడింది. నలభై మూడు షెడ్లవాళ్లే మాట్లాడుకుంటూ ఉంటే ఇంకో పదకొండేళ్లు ఉక్కుని తిట్టేవాళ్లు. ఒప్పందంలోని ముప్ఫై ఒక్క పేజీల్లో ఈ లాభం గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

గడువుకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. నూట నలభై కొత్త కడ్డీలు కావాలి. సంఘం, ‘పాడుచేసింది పిల్లలు’ అంది. కాలేజీ, ‘చెప్పింది మీ మనిషి’ అంది. ప్రభుత్వానికి పాడైన సరుకు అనే పద్దే లేదు; టెండరు పిలిచి కొనాలంటే నలభై అయిదు రోజులు. చివరికి అధికారే, మంచి మనిషి, ఒక మాట కనిపెట్టాడు. నూట నలభై కడ్డీలు ‘శిక్షణలో వినియోగమయ్యాయి’ అని రాద్దామన్నాడు. ఆ ఫైలు మొత్తంలో నిజమైన వాక్యం అదొక్కటే. డబ్బు శాఖ ఇస్తుంది, కాస్త ఆలస్యంగా. అంతవరకూ ఇనుపకొట్టులో అరువు తెచ్చుకోమన్నాడు.

ఇనుపకొట్టు పెద్దాయన నూట నలభై కడ్డీలకి ముప్ఫై ఎనిమిది వేల ఐదు వందలు లెక్కగట్టి, చీటీ ముందుకి తోసి, “సంతకం ఎవరు పెడతారు?” అన్నాడు. అధ్యక్షుడికి ఫోను వచ్చింది. మాస్టారు ప్రిన్సిపాలుని అడిగి చెబుతానన్నాడు. మరిది చెప్పులు వెతుక్కున్నాడు.

అక్క సంతకం పెట్టింది.

“వదినా, ఆలోచించావా?” అన్నాడు మరిది, చెప్పులు దొరికాక.

“మిషను అమ్మాక ఆలోచించడానికి బోలెడంత తీరిక ఉంటుంది,” అందామె.

ఆ రోజు నుంచి కాలేజీ వర్క్‌షాపులోనూ వీధిలోనూ పాయింటు అన్న మాట నిషేధం. కొలత ఏదైనా ఫోన్ నంబరు చెప్పినట్టు అంకె అంకెగా చెప్పాలి: రెండు, సున్నా, చుక్క, రెండు, ఐదు. విన్నవాడు తిరిగి అప్పజెప్పాలి. పాయింటు అన్నవాడు అందరికీ టీ ఇప్పించాలి. మొదటి వారం టీకొట్టువాడు బాగుపడ్డాడు. అందరికన్నా ఎక్కువ ఇప్పించింది డ్రాయింగు మాస్టారు. ఒకరోజు, “ఇది చాలా ముఖ్యమైన పాయింటు,” అని మొదలుపెట్టినందుకు కూడా వదల్లేదు. “అది ఈ పాయింటు కాదమ్మా!” అని మొత్తుకున్నాడు. “ఏ పాయింటైనా టీ టీయే సార్,” అంది కళ్లజోడు. ఆ అమ్మాయికి అక్క ఆఖరి డ్రాయింగు కూడా చూపించింది, పద్నాలుగో పేజీ సంగతి తనకి తెలియదన్నట్టు.

గడువుకి ఒకరోజు ముందు ఆరు వందల షాఫ్టులూ వెళ్లాయి. కంపెనీ ఏడింటిని వెనక్కి పంపింది. పన్నెండుదాకా ఒప్పుకుంటామన్నారు కాబట్టి ఏడాది ఆర్డరు వచ్చింది. ఆ తర్వాతి ఏడాదీ వచ్చింది.

పాత సామాన్లవాడు మళ్లీ ఒకసారి తొంగిచూశాడు. మరిది ఆ సంగతి వదినకి గొప్పగా చెప్పాడు.

“మిషను నాది కాదు, మా వదినది, ఆవిణ్ణి అడుగు అన్నాను.”

“అయితే కాగితం రాసివ్వు.”

“మాటవరసకి అన్నాను వదినా!”

పరిశ్రమల శాఖ ఆ ఏడాది నివేదిక అచ్చు వేసింది. అందులో ఈ ముగ్గురి ఒప్పందానికి అరపేజీ ఇచ్చారు. ‘శిక్షణలో 140’ అని ఉన్న వాక్యం పై ఆఫీసుకి చేరేసరికి ఎవరో గుమాస్తా దాన్ని చక్కదిద్ది, ‘శిక్షణ పొందినవారు 140’ అని రాశాడు. ఇరవై ఆరుగురు ఉన్న తరగతి నుంచి నూట నలభై మంది తయారవడం అందరికీ నచ్చింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కడ్డీల బిల్లు వెళ్లినప్పుడు మాత్రం ఆడిట్‌వాళ్లు ఒక్క ప్రశ్న వేశారు: నూట నలభై మంది హాజరుపట్టీ, సంతకాలతో, జతచేయగలరు.

అధికారి బదిలీ అయి వెళ్లేముందు వీధికి వచ్చి సంగతి చెప్పాడు. “నా చేతిలో ఏం లేదమ్మా. కడ్డీలు సంతకాలు పెట్టవు కదా.”

“ఎంతమందికి నేర్పామో లెక్కుంది సార్. మూడు బ్యాచులు కలిపి ఎనభై ముగ్గురు. ఇంకో యాభై ఏడుగురికి నేర్పితే మీ అబద్ధం నిజమైపోతుంది. అందాకా ఫైలు మూయకుండా చూడమని కొత్త సారుకి చెప్పండి.”

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. మర్నాటి బ్యాచుకి పేర్లు రాసుకుంటోంది.

కడ్డీలు తెచ్చి రెండేళ్లయింది. సంఘం సానుభూతిగా ఏడు వేలు ఇచ్చింది. ఆమె జీతంలోంచి నెలకి ఐదు వందల చొప్పున పన్నెండు వేలు కట్టింది. శాఖ నుంచి ఏమీ రాలేదు. ఇనుపకొట్టుకి ఇంకా పంతొమ్మిది వేల ఐదు వందలు బాకీ.